వులిమిరి రామలింగస్వామి

వులిమిరి రామలింగస్వామి (1921 ఆగష్టు 8 - 2001 మే 28) ప్రముఖ భారతీయ వైద్య శాస్త్రవేత్త. వ్యాధి నిర్ణయ శాస్త్రం (పాథాలజీ) ఈయన ప్రధాన రంగం. ఆంధ్ర దేశంలోని శ్రీకాకుళంలో జన్మించిన ఈయన న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు (ఎయిమ్స్) డైరెక్టరుగాను, ఆ తరువాత భారతీయ వైద్య పరిశోధనా మండలికి (ఐ.సి.ఎం.ఆర్.) డైరెక్టర్ జనరల్‌గాను పనిచేశాడు. లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం పొందిన తెలుగువారిలో ఈయన ఒకడు. హిమాలయ పాదప్రాంతంలోని కాంగ్రా లోయలో ఈయన జరిపిన అయోడిన్ ఉప్పు ప్రయోగం, థైరాయిడ్ హార్మోను కొరవడి ఎదుగుదల ఆగిపోయే పిల్లల సమస్యకు దేశవ్యాప్త నివారణ మార్గాన్ని చూపింది. నేడు ప్రతి వంటింట్లో ఉన్న అయోడిన్ ఉప్పు పొట్లం వెనుక ఈయన కృషి ఉన్నదని చాలామందికి తెలియదు.

బాల్యం, విద్యాభ్యాసం

రామలింగస్వామి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన శ్రీకాకుళంలో జన్మించాడు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొందాడు. తరువాత ఇంగ్లాండు వెళ్ళి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1951లో డి.ఫిల్. పట్టా అందుకొన్నాడు. అక్కడ హ్యూ సింక్లెయిర్ అనే పోషకాహార శాస్త్రవేత్తతో కలిసి, విటమిన్ ఎ, కొవ్వు ఆమ్లాల లోపం వలన చర్మం గరుకెక్కే స్థితిపై పనిచేశాడు. ఒక పోషకం కొద్దిపాటి మోతాదులో కొరవడినా శరీర నిర్మాణమే మారిపోతుందన్న విషయం అప్పటినుండి ఈయన పరిశోధనలన్నింటికీ కేంద్రమయినది.

కూనూరు ప్రయోగశాల

వైద్యవిద్య పూర్తయిన తరువాత రామలింగస్వామి నీలగిరి కొండలలోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనా ప్రయోగశాలలో చేరాడు. ఇదే సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తార్నాకలో ఉన్న ఈ సంస్థ తెలుగు పాఠకులకు సుపరిచితమే.

కూనూరు ప్రయోగశాలను స్థాపించిన రాబర్ట్ మెక్‌కారిసన్‌కు, రామలింగస్వామి తరువాత చేపట్టిన పనికి ఒక ఆసక్తికరమైన సంబంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో బ్రిటిషు సైన్య వైద్యుడిగా గిల్గిట్ ప్రాంతంలో ఉన్న మెక్‌కారిసన్ అక్కడి పల్లెలలో మెడవాపు (గాయిటర్ లేదా గళగండం), దానితో పాటు మరుగుజ్జుతనం, బుద్ధిమాంద్యం, చెవిటితనం ఉన్న పిల్లలను పెద్ద సంఖ్యలో చూశాడు. కలుషితమైన నీరే దీనికి కారణమని ఆయన భావించి, అక్కడి నీటిని తాను స్వయంగా త్రాగి ప్రయోగం చేశాడు. ఆయన స్థాపించిన ప్రయోగశాలలోనే తొలి పాఠాలు నేర్చిన రామలింగస్వామి అర్ధ శతాబ్దం తరువాత అదే హిమాలయ శ్రేణిలో, అదే జబ్బుకు, వేరొక సమాధానాన్ని నిరూపించాడు.

కూనూరులో ఉండగా ఈయన దృష్టి ప్రధానంగా మాంసకృత్తుల (ప్రోటీన్ల) లోపంతో బాధపడే చిన్నపిల్లలపై ఉండేది. కాళ్ళు వాచి, జుట్టు రంగు మారి, వయసుకు తగ్గ ఎత్తు, బరువు లేని ఈ పిల్లల వ్యాధిని క్వాషియోర్కర్ అంటారు. దక్షిణ భారతదేశంలో ఈ వ్యాధిని విస్తృతంగా అధ్యయనం చేసిన సి. గోపాలన్ ఈ ప్రయోగశాలలో ఈయన సహచరుడు. తరువాతి కాలంలో ఢిల్లీలో రామలింగస్వామి తన శిష్యులతో కలిసి మాంసకృత్తులు లేని ఆహారాన్ని కోతులకిచ్చి, వాటి అవయవాలలో వచ్చే మార్పులను పరిశీలించాడు.

పిల్లల పెరుగుదల - హార్మోనులు

రామలింగస్వామి కృషి విలువ తెలియాలంటే పిల్లలు ఎలా ఎదుగుతారన్నది కొంత తెలిసి ఉండాలి. మెదడు అడుగుభాగాన ఉండే పీయూష గ్రంథి (పిట్యూటరీ) పెరుగుదల హార్మోనును స్రవిస్తుంది. ఇది కాలేయం మొదలైన అవయవాల ద్వారా ఎముకల చివరనున్న మృదులాస్థి పొరలను ప్రేరేపించి ఎముకను పొడవు చేస్తుంది. ఈ హార్మోను లోపించిన బిడ్డ అవయవ పొందిక సరిగానే ఉండి, తెలివితేటలు బాగానే ఉండి, ఎత్తు మాత్రం పెరగడు.

మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ (అవటు) గ్రంథి పని దీనికి భిన్నం. అది తయారుచేసే థైరాక్సిన్ హార్మోను అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అంటే ఆహారంలో అయోడిన్ లేకపోతే ఈ హార్మోను తయారు కాదు. తక్కువైన హార్మోనును భర్తీ చేయడానికి పీయూష గ్రంథి థైరాయిడును మరింత ప్రేరేపిస్తుంది, దానితో ఆ గ్రంథి ఉబ్బుతుంది. అదే మెడవాపు. మెడవాపు పైకి కనిపించే గుర్తు మాత్రమే. అసలు నష్టం లోపల, ముఖ్యంగా గర్భంలోని శిశువు మెదడుకు జరుగుతుంది.

ఈ రెండు హార్మోనులూ ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి. థైరాయిడ్ హార్మోను చాలకపోతే పీయూష గ్రంథిలో పెరుగుదల హార్మోను తయారీ కూడా తగ్గుతుంది, తయారైనది ఎముకలపై పనిచేయడమూ తగ్గుతుంది. కనుకనే పొట్టిగా ఉన్న బిడ్డకు పెరుగుదల హార్మోను పరీక్షలు చేసే ముందు థైరాయిడ్ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. థైరాయిడ్ లోపాన్ని సరిచేయకుండా చేసిన పెరుగుదల హార్మోను పరీక్ష తప్పుదారి పట్టించగలదు.

పెరుగుదల హార్మోను చికిత్స చరిత్ర రామలింగస్వామి కాంగ్రా ప్రయోగంతో దాదాపు సమకాలీనమైనది. 1956లో అమెరికాలో చో హావ్ లీ, ఆయన సహచరుడు మానవ పెరుగుదల హార్మోనును వేరుచేశారు. 1958లో మారిస్ రాబెన్ దానిని ఒక మరుగుజ్జు బాలునికి ఇచ్చి ఎత్తు పెరగడాన్ని నివేదించాడు. ఎద్దు, పంది మొదలైన జంతువుల హార్మోను మనుషులలో పనిచేయదు. కనుక మరణించినవారి పీయూష గ్రంథుల నుండి మాత్రమే దీనిని తీయవలసి వచ్చేది. మందు చాలా కొద్దిమంది పిల్లలకే లభించేది. ఆ విధంగా తీసిన మందు వలన కొందరికి ప్రాణాంతకమైన మెదడు వ్యాధి సోకినట్లు 1985లో తేలడంతో దాని వాడకం అమెరికాలోను, మరికొన్ని దేశాలలోను ఆగిపోయింది. అదే సంవత్సరం జన్యు సాంకేతికతతో బాక్టీరియా ద్వారా తయారుచేసిన హార్మోనుకు అమెరికాలో అనుమతి లభించింది. దీనిని సాధారణంగా ప్రతి రాత్రీ చర్మం క్రింద సూదిమందుగా, ఎముకల చివరలు మూసుకునేవరకు ఏళ్ళ తరబడి ఇవ్వాలి. ఖర్చు చాలా ఎక్కువ.

అయోడిన్ సంగతి అందుకు పూర్తిగా వ్యతిరేకం. పెద్దవారికి రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములు, గర్భిణికి సుమారు 250. ఒక మనిషికి జీవితకాలం మొత్తానికి అవసరమయ్యే అయోడిన్ ఒక చెంచాడు మాత్రమే. అయితే ఆ చెంచాడునూ ఒకేసారి మ్రింగి ఊరుకుంటే కుదరదు, రోజూ కొద్దికొద్దిగా అందాలి. ప్రతి మనిషికీ, ప్రతి దినమూ, పేదా గొప్పా తేడా లేకుండా అందే వాహకం ఏది అన్నదే ప్రశ్న.

కాంగ్రా లోయ ప్రయోగం

హిమాలయాలలో మంచు, వర్షాలు నేలలోని అయోడిన్‌ను యుగాలుగా కడిగివేశాయి. ఆ నేలలో పండిన ధాన్యంలోగాని, ఆ గడ్డి మేసిన పశువుల పాలలోగాని అయోడిన్ ఉండదు. కాశ్మీరు నుండి అస్సాం వరకు పరచుకొన్న ఈ మెడవాపు పట్టీ ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. కాంగ్రా లోయ అందులో ఒక భాగం. ఇది ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నా 1966 వరకు పంజాబు రాష్ట్రంలో ఉండేది.

ఎస్.ఎస్. సూచ్, రామలింగస్వామి కలిసి సుమారు లక్ష మంది జనాభా గల ప్రాంతాన్ని ఎన్నుకొన్నారు. 1956లో తొలి సర్వే జరిగింది. పరీక్షించినవారిలో నూటికి 40 మందికి దగ్గరగా మెడవాపు కనిపించింది. లోయను ఎ, బి, సి అని మూడు మండలాలుగా విభజించారు. ఎ మండలానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, సి మండలానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు సరఫరా అయ్యేవి. బి మండలానికి ఏమీ కలపని మామూలు ఉప్పు వెళ్ళేది.

స్విట్జర్లాండులోను, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలోను 1920లలోనే అయోడిన్ ఉప్పు వాడుకలోకి వచ్చి సత్ఫలితాలనిచ్చింది. అటువంటప్పుడు మళ్ళీ ఈ ప్రయోగం ఎందుకన్న సందేహం రావడం సహజం. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, హిమాలయాల మెడవాపుకు నీరు, మురికి, ఆహారపు అలవాట్లు కారణమన్న వాదనలు మెక్‌కారిసన్ కాలం నుండి బలంగా ఉండేవి. రెండవది ఉప్పు స్వభావం. పాశ్చాత్య దేశాలలో వాడే శుద్ధి చేసిన పొడి ఉప్పుకు, మన దేశంలో బస్తాలలో తడి తడిగా ప్రయాణం చేసే ముడి ఉప్పుకు చాలా తేడా ఉంది. అయొడైడ్ తేమకు, మలినాలకు త్వరగా విడిపోయి అయోడిన్ ఆవిరైపోతుంది. అయొడేట్ అలా కాదు, ముడి ఉప్పులోనూ నిలబడుతుంది. తరువాతి కాలంలో భారతదేశం అయొడేట్‌నే ఎన్నుకొన్నది.

ఆరు సంవత్సరాల తరువాత 1962లో మళ్ళీ సర్వే చేశారు. ఎ, సి మండలాలలో మెడవాపు సగానికి, లేదా అంతకన్న తక్కువకు పడిపోయింది. బి మండలంలో ఏ మార్పూ లేదు. నీరు అదే, వాతావరణం అదే, తిండీ అదే, మారినది ఉప్పు ఒక్కటే కనుక ఇక వాదనకు తావు లేకపోయింది. ఆ తరువాత బి మండలానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. మరో ఆరేళ్ళకు అక్కడా వ్యాధి తగ్గింది. తొలి ఫలితాలు 1965లోను, పూర్తి ఫలితాలు 1973లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురితమయ్యాయి. రెండవ నివేదికలో ఎం.జి. దేవ్, ఎం.జి. కర్మార్కర్, ఎన్. కొచ్చుపిళ్ళై తదితరులు సహ రచయితలు.

ఈ ప్రయోగంలో చర్చించదగిన విషయం ఒకటి ఉంది. మామూలు ఉప్పు తిన్న బి మండలంలో ఆ ఆరేళ్ళలో పుట్టిన శిశువుల సంగతి ఏమిటి? అయోడిన్ లేమి గర్భస్థ శిశువు మెదడుకు కలిగించే నష్టం తరువాత పూడ్చలేనిది. నేటి వైద్య పరిశోధనా నియమావళి ప్రకారం ఇటువంటి పోలిక మండలాన్ని అంత కాలం ఉంచడానికి నైతిక సంఘాలు సులభంగా ఒప్పుకోవు. అయితే ఆనాటికి కాంగ్రాలోనే కాక హిమాలయ పట్టీ అంతటా కోట్లాది ప్రజలు మామూలు ఉప్పే తింటున్నారు. బి మండలపు అంకెలు లేకపోతే వారికి అయోడిన్ ఉప్పు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఒప్పించడం కష్టమయ్యేది. ఈ రెండూ నిజాలే. రామలింగస్వామి గురించి వ్రాసేవారు సాధారణంగా రెండవదాన్ని మాత్రమే చెబుతుంటారు.

జాతీయ కార్యక్రమం

కాంగ్రా తొలి ఫలితాలు వచ్చిన 1962లోనే భారత ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కాని అది చాలా కాలం నత్తనడక నడిచింది. ఉత్పత్తి అవసరంలో స్వల్ప భాగాన్ని కూడా తీర్చలేదు. మెడవాపును ప్రమాదం లేని, చూడటానికి మాత్రమే వికారమైన జబ్బుగా భావించడం ఇందుకు ముఖ్య కారణం. మెడ ఉబ్బినంత మాత్రాన ఎవరూ చనిపోరు కదా అన్నది అప్పటి ఆలోచన.

ఈ ఆలోచనను మార్చింది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన. ఎయిమ్స్‌లో రామలింగస్వామి చుట్టూ తయారైన శాస్త్రవేత్తల బృందంలోని కొచ్చుపిళ్ళై మొదలైనవారు ఉత్తర ప్రదేశ్ తూర్పు జిల్లాలలో పుట్టిన శిశువుల బొడ్డుత్రాడు రక్తాన్ని పరీక్షించారు. అయోడిన్ లోపం లేని ప్రాంతాలతో పోలిస్తే అక్కడ థైరాయిడ్ హార్మోను చాలని శిశువులు ఎన్నో రెట్లు అధికంగా కనిపించారు. సమస్య మెడలో కాక మెదడులో ఉన్నదని, కొండలలోనే కాక గంగా మైదానంలోనూ ఉన్నదని అప్పుడు పాలకులకు అర్థమయింది. తరువాతి సర్వేలలో దేశంలోని ఏ రాష్ట్రమూ ఈ లోపానికి పూర్తిగా అతీతం కాదని తేలింది.

1983లో ప్రైవేటు ఉత్పత్తిదారులకు అయోడిన్ ఉప్పు తయారుచేసే అనుమతి లభించింది. మనుషులు తినే ఉప్పునంతటినీ అయోడీకరించాలన్న విధానం 1986 ఏప్రిల్ నుండి దశలవారీగా అమలయ్యింది. రామలింగస్వామి ఐ.సి.ఎం.ఆర్. అధిపతిగా ఉన్న కాలం (1979-86) సరిగ్గా ఇదే. 1992లో కార్యక్రమం పేరును జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు.

ఇతర కృషి

రామలింగస్వామి 1957లో ఎయిమ్స్ పాథాలజీ విభాగంలో చేరి, 1969 నుండి 1979 వరకు ఆ సంస్థ డైరెక్టరుగా ఉన్నాడు. కాలేయ వ్యాధులపై, ముఖ్యంగా భారతీయ శిశువులలో వచ్చే కాలేయ సిర్రోసిస్‌పై పరిశోధనలు చేశాడు. ఈయన ఐ.సి.ఎం.ఆర్. బాధ్యతలలో ఉండగా 1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగింది. బాధితులపై దీర్ఘకాల వైద్య పరిశోధనలను ఐ.సి.ఎం.ఆర్. చేపట్టింది. 1994లో సూరత్‌లో ప్లేగు వ్యాధి ప్రబలినప్పుడు కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి ఈయన అధ్యక్షత వహించాడు.

పదవీ విరమణ తరువాత యునిసెఫ్ కార్యనిర్వాహక డైరెక్టరుకు ప్రత్యేక సలహాదారుగా పనిచేశాడు. 1996లో అర్బన్ జాన్సన్, జాన్ రోడ్ అనే ఇద్దరు నిపుణులతో కలిసి యునిసెఫ్ ప్రచురణలో ఆసియా చిక్కుముడి గురించి వ్రాసిన వ్యాసం చాలా ప్రసిద్ధి చెందింది. దక్షిణాసియాలో పిల్లలు ఆఫ్రికా పిల్లలకంటే ఎక్కువ శాతం ఎందుకు గిడసబారిపోతున్నారన్నది ఆ చిక్కుముడి. పంటలు, ఆదాయం, వైద్య సదుపాయాలు ఆఫ్రికాలో అంతకంటే మెరుగుగా ఏమీ లేవు. మాంసం తినకపోవడం కారణమన్న వాదనను ఈ వ్యాసం అంగీకరించలేదు. తక్కువ బరువుతో పుట్టే శిశువులు దక్షిణాసియాలో చాలా ఎక్కువ. అందుకు కారణం తల్లులే సరిగా ఎదగకపోవడం. ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే స్త్రీ, చిన్న వయసులో తల్లి అయ్యే స్త్రీ, తన బిడ్డ సంరక్షణపై తాను నిర్ణయం తీసుకోలేని స్త్రీ. చిక్కుముడి అక్కడ ఉన్నదని రచయితలు వాదించారు. ఒక పాథాలజిస్టు నుండి ఇటువంటి వ్యాసం రావడం విశేషం. కూనూరులో పిల్లల కాలేయాన్ని సూక్ష్మదర్శిని క్రింద చూసిన వ్యక్తి, కాంగ్రాలో ఉప్పు బస్తాల దాకా వచ్చి, చివరకు ఇంటిలోని విస్తరి దగ్గర ఆగాడు.

ఈ వ్యాసంలోని కొన్ని అంశాలపై తరువాత విభేదాలు వచ్చాయి. బహిరంగ మలవిసర్జన వలన వచ్చే పేగుల జబ్బులకు ఇంకా ఎక్కువ ప్రాధాన్యమివ్వాలని కొందరు ఆర్థికవేత్తలు వాదించారు. అయితే తల్లి ఆరోగ్యం నుండి బిడ్డ ఎత్తు మొదలవుతుందన్న మౌలిక విషయాన్ని కాదన్నవారు తక్కువ.

పురస్కారాలు

శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, పద్మభూషణ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే లియోన్ బెర్నార్డ్ బహుమతి ఈయనకు లభించిన గౌరవాలలో ముఖ్యమైనవి. 1986లో రాయల్ సొసైటీకి ఎన్నికయ్యాడు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలో విదేశీ సభ్యుడు. భారత జాతీయ విజ్ఞాన అకాడమీకి (ఇన్సా) అధ్యక్షునిగా కూడా వ్యవహరించాడు.

ఉప్పు నిషేధం వివాదం

అయోడిన్ లేని ఉప్పును మనుషుల ఆహారానికి అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 1997లో ప్రకటించిన నిబంధన 1998 మే నుండి అమలులోకి వచ్చింది. దీనిపై తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. చిన్న ఉప్పు రైతులు దెబ్బతింటారని, పెద్ద కంపెనీల పొట్లం ఉప్పుకే మార్కెట్టు మిగులుతుందని, గాంధీజీ 1930లో ఏ ఉప్పు కోసం దండికి నడిచాడో ఆ ఉప్పునే నేరంగా చేశారని విమర్శలు వచ్చాయి. ధరల విషయంలో ఈ విమర్శలకు కొంత ఆధారం లేకపోలేదు. ఏమి తినాలో ప్రజలే ఎంచుకోవాలన్న వాదనతో 2000 సెప్టెంబరులో కేంద్రం నిషేధాన్ని ఎత్తివేసింది. వైద్యులు, పోషకాహార నిపుణులు దీనిని గట్టిగా వ్యతిరేకించారు. తన తల్లి ఏ ఉప్పు కొన్నదో గర్భస్థ శిశువు ఎంచుకోలేదన్నది వారి సమాధానం.

నిషేధం లేని ఆ కాలంలోనే, 2001 మే 28న, రామలింగస్వామి మరణించాడు. 2006 మే 17 నుండి నిషేధం తిరిగి అమలులోకి వచ్చింది. కాంగ్రా లోయ అంకెలు వెలువడిన 1962 నుండి లెక్కిస్తే ఇది 44 సంవత్సరాల ప్రయాణం.

బాపట్ల తీరంలో ఉప్పు

ఈ కథలో కొండలకు ఎంత స్థానమున్నదో సముద్రతీరానికీ అంత ఉన్నది, ఎందుకంటే ఉప్పు పండేది తీరంలోనే. ఆంధ్ర ప్రదేశ్‌లో ఉప్పు ఉత్పత్తికి పేరుపొందిన చినగంజాం 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. సముద్రపు నీటిని ఉప్పు మడులలోకి పారించి, ఎండకు ఆరబెట్టి, గడ్డకట్టిన ఉప్పును కుప్పలుగా పోస్తారు.

సముద్రంలో అయోడిన్ ఉంటుంది కనుక సముద్రపు ఉప్పులో సహజంగానే ఉంటుందని తీరప్రాంతాలలో గట్టి నమ్మకం. ఇది నిజం కాదు. సముద్రపు నీటిలోని కొద్దిపాటి అయోడిన్ కొంత ఆవిరైపోగా, కొంత ఉప్పు పేరుకున్న తరువాత మిగిలే చేదు నీటిలో ఉండిపోతుంది. గడ్డకట్టిన ఉప్పులో లెక్కించదగినంత మిగలదు. సముద్రపు చేపలు, రొయ్యలు తినేవారికి మాత్రం వాటి ద్వారా కొంత అయోడిన్ లభిస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న రేపల్లె, బాపట్ల ప్రాంతాలలోనైనా, కాలువల క్రింద వరి పండే తెనాలి డెల్టాలోనైనా చేప తినని ఇంటికి ఈ ఆసరా కూడా ఉండదు. అయోడిన్ లోపం కొండ ప్రాంతాల జబ్బు, మనకెందుకు అనే భావన ఇక్కడ కొంతకాలం కొనసాగడం అర్థం చేసుకోదగినదే.

అయోడీకరణ ప్రక్రియ సరళమైనది. టన్ను ఉప్పుపై సుమారు 50 గ్రాముల పొటాషియం అయొడేట్‌ను నీటిలో కరిగించి చల్లితే ఉప్పులో పది లక్షల భాగాలకు 30 భాగాల అయోడిన్ చేరుతుంది. రవాణాలో, నిల్వలో కొంత పోయినా వంటింటికి చేరేసరికి 15 భాగాలు ఉండాలని నిబంధన. రోజుకు పది గ్రాముల ఉప్పు తినేవారికి అందులో 150 మైక్రోగ్రాములు అందుతాయి.

ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్ళకు కళ్ళుప్పు తప్ప వేరే ఉప్పు వాడరాదన్న పట్టుదల గుంటూరు ప్రాంతపు ఇళ్ళలో ఎక్కువ. అయోడిన్ ఉప్పు వేస్తే పచ్చడి రంగు మారుతుందని, పాడవుతుందని భయం. ఆ మోతాదులో అయోడిన్ వలన రంగుగాని రుచిగాని మారదని పరీక్షలలో తేలింది. పైగా అయోడిన్ కలిపిన కళ్ళుప్పు కూడా తయారవుతున్నది. ఉప్పును ఎండలోగాని, పొయ్యి ప్రక్కనగాని, తెరిచిన గిన్నెలోగాని ఉంచితే అయోడిన్ క్రమంగా పోతుంది. మూత గట్టిగా ఉన్న జాడీలో ఉంచి, కూర దించే ముందు వేసుకోవాలని పోషకాహార నిపుణుల సూచన.

అయోడిన్ ఉప్పు వచ్చినంత మాత్రాన పిల్లల థైరాయిడ్ సమస్యలన్నీ పోలేదు. అయోడిన్ సరిపడా ఉన్నా కొందరు శిశువులు థైరాయిడ్ గ్రంథి లేకుండానో, సరిగా ఏర్పడకుండానో పుడతారు. ప్రపంచంలో సుమారు మూడు, నాలుగు వేల శిశువులకు ఒకరు ఇటువంటివారు, భారతదేశంలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. పుట్టిన కొద్దిరోజులలో మడమ నుండి ఒక రక్తపు చుక్క తీసి పరీక్షిస్తే దీనిని కనిపెట్టవచ్చు. మొదటి రెండు వారాలలోనే లెవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతాడు, చదువుకుంటాడు. రోజుకొక చిన్న మాత్ర, పొడిచేసి తల్లిపాలలో కలిపి ఇవ్వవచ్చు. ఖర్చు పెరుగుదల హార్మోను సూదిమందుతో పోల్చదగినది కాదు. కాని ఆ పరీక్ష అన్ని ఆసుపత్రులలోనూ అలవాటుగా జరగడం లేదు. మూడు నాలుగేళ్ళు వచ్చాక తోటి పిల్లలకంటే పొట్టిగా ఉన్నాడని, మాటలు ఆలస్యమయ్యాయని వైద్యుని వద్దకు తీసుకువచ్చేసరికి మాత్ర వలన ఎత్తు చాలావరకు వస్తుంది గాని, మెదడుకు జరిగిన నష్టం తిరిగి రాదు.